ఎలాదియో చూడకూడని ఆట

మా ఆయన పేరు ఎలాదియో. లా సలీన రేవులో ఐసు అమ్మేవాడు. ఊళ్ళో ఎవరినడిగినా ఆయన గురించి ఓ కథ చెబుతారు, అందులో సగం అబద్ధం. ఆయనతో కాపురం చేసినదాన్ని నేను, ఆ సీజనంతా ఆయనకి కాపలా కూర్చున్నదాన్ని నేను. కాబట్టి అసలు సంగతి నేనే చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డు రావద్దు.

తెల్లవారకముందే ఫ్యాక్టరీకి పోయి ఐసు దిమ్మలు లారీలో వేసుకుని, పైన రంపపు పొట్టు చల్లి గోనెపట్టాలు కప్పి, చేపల బజారుకీ రమ్ము కొట్లకీ వేసొచ్చేవాడు. కరిగిపోతుందన్న భయంతో ఆ పని ఒక్కటే పరుగు మీద చేసేవాడు. మిగతావన్నీ నత్తనడకే. గోడకి మేకు కొట్టమంటే "కొడతాలే కసీ, గోడ ఎక్కడికీ పోదుగా" అనేవాడు. కసీ అంటే నేనే. ఆ మేకు చివరికి నేనే కొట్టుకున్నాను. కోపమొస్తే అరవడం రాదు, తిట్టడం రాదు. ఆ రెండూ ఇద్దరి వంతూ నేనే చేసేదాన్ని.

ఆయనకి పిచ్చి ఒక్కటే, పీతల జట్టు. అక్టోబరు చివర బేస్‌బాల్ సీజను మొదలైతే జనవరి దాకా మా ఇంట్లో వేరే మాట ఉండదు. నేనేం తక్కువదాన్ని కాదు. స్టేడియంలో నేను ఆవు గంట పట్టుకుని వాయిస్తే ముందు వరసలో వాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. మా పెళ్ళి కూడా సోమవారం జరిగింది, సోమవారాలు ఆట ఉండదు కనుక. ఆదివారం చేసుకోవచ్చుగా అని ఫాదరు అడిగితే, "ఆదివారం రెండాటలున్నాయి ఫాదర్" అన్నాడీయన. ఫాదరు నాలుక కరుచుకున్నాడు. ఆయనా పీతల మనిషే.

ఇక మా పీతల ప్రతాపం ఏమని చెప్పను! పుట్టి బుద్ధెరిగిన తర్వాత వాళ్ళు కప్పు గెలవగా నేను చూడలేదు. గెలిచింది ఒకే ఒక్కసారి. అదీ ఎలాదియో పుట్టిన రోజున. మధ్యాహ్నం మూడింటికి వాళ్ళు గెలిచారు, నాలుగింటికి ఈయన భూమ్మీద పడ్డాడు. మంత్రసాని కోసం వీధులన్నీ పరిగెత్తుతూ మామగారు ఆ ఆట పోగొట్టుకున్నాడు. "ఒక్క పూట ఆగి పుట్టకూడదట్రా వెధవా" అని కొడుకుని ముద్దుగా తిడుతూనే పోయాడు పాపం. ఆ తండ్రికి తీరని కోరిక కొడుక్కి అంటుకుంది. పీతలు కప్పు గెలుస్తుంటే తన కళ్ళతో చూడాలి, అంతే. ఆయన నన్ను ఇల్లు అడగలేదు, దేవుణ్ణి కొత్త లారీ అడగలేదు, అదొక్కటే అడిగాడు.

ఆ ఏడాది నవంబరులో పీతలు అందరికన్నా అడుగున ఉన్నారు. సరిగ్గా అప్పుడే మా ఆయనకి గవదబిళ్ళలు వచ్చాయి. ఇంత వయసులో ఈ చిన్నపిల్లల జబ్బేమిటని డాక్టరే పకపకా నవ్వాడు. బుగ్గలు రెండూ పొంగి, తలకి గుడ్డ కట్టుకుని, చెవి పోటుకి రేడియో కూడా వద్దని మంచం మీద ముడుచుకున్నాడు. నేను మాత్రం గంట తీసుకుని ఆటకి వెళ్ళాను. మొగుడు మంచాన పడితే ఆటలేమిటని ఆడపడుచు దెప్పింది. మంచాన పడింది ఆయన, నేను కాదుగా!

ఆ వారమంతా పీతలు గెలిచారు. ఒట్టు! రాజధాని కోడిపుంజుల జట్టు మా గడ్డ మీదకొచ్చి చిత్తుగా ఓడి, ముఖాలు వేలాడేసుకుని బస్సెక్కింది. రోజూ గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చి సైగలతో చెప్పేదాన్ని. ఆయన బుగ్గలు పట్టుకుని నవ్వేవాడు, నవ్వితే నొప్పి, అయినా నవ్వేవాడు. వాపు తగ్గగానే తలదువ్వుకుని నాతో స్టేడియానికి వచ్చాడు. ఆ రోజు పదకొండు సున్నాతో ఓడిపోయాం. మర్నాడూ ఓడిపోయాం.

మా అన్నయ్య ఒసిరిస్‌కి మంగలి షాపుంది. ఊరి కోర్టూ అదే, ఊరి పార్లమెంటూ అదే. ఎలాదియో గెడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాడు, ఒక బుగ్గ అయింది, రెండో బుగ్గ మీద నురగ ఉంది. అన్నయ్య కత్తి గాల్లో ఆపాడు.

"బావా, ఏమీ అనుకోనంటే ఓ మాట."

"అనుకుంటా."

"అయినా చెప్తా. నువ్వు ఫుకూవి బావా. శని నీ నెత్తిమీద కాపురం పెట్టింది."

ఆ శని తమకి అంటకుండా షాపులో ఉన్నవాళ్ళంతా గబగబా చెక్క ముట్టుకున్నారు. చెక్క అందనివాడు పక్కవాడి చేతికర్ర ముట్టుకున్నాడు. ఎలాదియో అద్దంలోంచే అందరినీ చూశాడు.

"నేనా? ఊహ తెలిసినప్పటి నుంచి ఈ గడ్డ మీద ఒక్క ఆట మానలేదురా నేను!"

"నేననేదీ అదేగా. నువ్వు ఒక్క ఆట మానలేదు, వాళ్ళు ఒక్క కప్పు గెలవలేదు. ఇప్పుడు వారం మానావు, చూడు ఏమైందో!"

మూల కుర్చీలో ఉన్న ముసలాయన ఒకడు గొంతు సవరించుకుని, "వీడు పుట్టడానికి గంట ముందు మనం చాంపియన్లం. పుట్టాక మళ్ళీ ఎప్పుడూ కాలేదు" అన్నాడు. అంతే, కేసు ముగిసిపోయింది. నేను గుమ్మంలోంచి అరిచాను, "సిగ్గులేదట్రా మీకు? జట్టుకి చేతకాకపోతే నా మొగుడి మీద పడతారా?" అని. ఎవరూ వినలేదు. నిజం చెప్పొద్దూ, అరుస్తూనే నేనూ గుమ్మం చెక్క ముట్టుకున్నాను.

పరీక్ష పెట్టారు. ఎలాదియో ఇంట్లో కూర్చుని రేడియోలో విన్నాడు. ఓడిపోయాం. మర్నాడు రేడియో తీసుకెళ్ళి అన్నయ్య షాపులో పెట్టారు. గెలిచాం. మళ్ళీ రేడియో ఇచ్చారు. ఓడిపోయాం. ఇంకేం కావాలి? రేడియో మళ్ళీ షాపుకే పోయింది, తీర్పూ అక్కడే చెప్పారు. ఆట జరుగుతుండగా ఆయన కంటబడకూడదు, చెవినబడకూడదు. అయిపోయాక తెలిస్తే పరవాలేదు. ఆయన చాలాసేపు టోపీ తిప్పుకుంటూ కూర్చుని, "సరే, జట్టు కోసమేగా" అన్నాడు. "కాకపోతే ఒక్కణ్ణీ కూర్చోలేను. పిచ్చెక్కుతుంది."

అందరూ నా వైపు తిరిగారు. ఒసిరిస్ నా చేతిలో గంట మెల్లిగా లాక్కున్నాడు.

"నేనెందుకు? నాకేం శని పట్టింది?"

"పెళ్ళి చేసుకున్నావుగా చెల్లాయ్" అన్నాడు. వాడి నోట్లో నురగ కుక్కాలనిపించింది.

అలా పట్టింది నాకు ఖర్మ. ఆట ఉన్న రోజల్లా కిటికీలు బిగించి, నేనూ ఆయనా ఎదురెదురుగా కూర్చుని డొమినోలు ఆడేవాళ్ళం. నాకు స్కోరు తెలిస్తే నా మొహం చూసి ఆయన పట్టేస్తాడని నాకూ చెప్పడం మానేశారు. వీధి వీధంతా రేడియోలు తగ్గించి దుప్పట్లు కప్పి వినేది. ఆయన పొరపాటున గుమ్మంలోకి వస్తే చాలు, కిరాణా కొట్టు వాడు ఏడుపు పాట ఒకటి గట్టిగా పెట్టేసేవాడు. ఎదురింటామెకి ఓసారి మనవాడు బాలుని కంచె దాటించిన హోమ్ రన్ వినబడి కేక ఆగలేదు, వెంటనే "అమ్మో, ఎలుక!" అంది. మర్నాడు ఎలాదియో పాపమని ఎలుకలబోను పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాడు.

ఇక గెలిచిందీ లేనిదీ ఐసు అమ్మేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. గెలిచిన మర్నాడు పొద్దున్నే రమ్ము కొట్లన్నీ ఖాళీ డబ్బాలు పట్టుకుని లారీకి ఎదురొచ్చేవి, ఇంకో దిమ్మ వెయ్యి, ఇంకో దిమ్మ అని. ఓడితే ఎవరికీ ఐసు అక్కర్లేదు. ఖాళీ లారీతో ఆయన ఈల వేసుకుంటూ వచ్చాడంటే గెలిచామని నాకు అర్థమయ్యేది. డిసెంబరులో ఆ ఈల వినీ వినీ వీధికుక్కలకి కూడా పాట వచ్చేసింది. అడుగున ఉన్న పీతలు పైకి పాకుతున్నారు!

మా ఆయన పరపతి చూడాలి అప్పుడు. రొట్టెల కొట్టావిడ రొట్టె మీద రొట్టె ఇచ్చేది. ఫాదరు వీధిలో ఆపి దీవించేవాడు. క్రిస్మస్‌కి మా జట్టు క్యాచర్ బెలిసార్యో కాల్చిన పంది తొడ భుజాన వేసుకుని స్వయంగా మా ఇంటికి వచ్చాడు. మనిషి ఎడ్లబండి అంత ఉంటాడు, పరుగు కూడా ఎడ్లబండిదే. కుర్చీ విరుగుతుందని నిలబడే మాట్లాడాడు.

"ఒంట్లో బాగుందా ఎలాదియో గారూ? ఇంటిపట్టునే ఉంటున్నారు కదా?"

"ఉంటున్నాను బాబూ."

"అలాగే ఉండండి. మీకు పుణ్యముంటుంది. ఇంకా ఏమన్నా కావాలా?"

"ఒక్కసారి చూడనిస్తావా?"

బెలిసార్యో ముఖం పాలిపోయింది. "పంది తొడ ఇంకోటి తెస్తాను" అని చెప్పి గబగబా వెళ్ళిపోయాడు.

అప్పటిదాకా ఎలాదియో దీన్ని తమాషాగానే తీసుకున్నాడు. ఊరందరికీ సరదా, తనకీ సరదా, ఫైనలుకి వస్తే ఎలాగో ఒప్పించి దూరిపోదాం అనుకున్నాడు. ఫైనలు ముందు రౌండు ఆఖరి ఆట నాడు, కొవ్వొత్తి వెలిగించి వస్తానని చర్చికి బయలుదేరాడు. చర్చి కదా అని వదిలాను. చూస్తే బీరువాలో నా నల్ల గౌను లేదు, అంత్యక్రియలకి పెట్టుకునే నా మేలిముసుగు లేదు. కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా స్టేడియానికి పరిగెత్తాను.

లోపల అప్పుడే కొంప మునిగింది. నాలుగు రన్స్ ముందున్న పీతలు ఒక్క ఇన్నింగ్స్‌లో వెనకబడ్డారు. బాలు చేతిలోకి వచ్చి జారిపోతోంది, బాలు విసిరే పిచ్చరు కంగారులో అవతలివాడి వీపుకేసి కొట్టాడు. "ఎవరో ఉన్నారు! ఎక్కడో ఉన్నాడు!" అని జనం ఒకరినొకరు చూసుకుంటున్నారు. నల్ల గౌనులో ఒక వితంతువు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. పక్కన కూర్చున్నవాడు ఆమె చేతులు చూశాడు. ఐసు దిమ్మలు మోసి మోసి కాయలు కాసిన చేతులు ఊళ్ళో ఒక్కడికే ఉన్నాయి.

"ఇదిగో ఎలాదియో!" అని అరిచాడు.

ఎవరూ ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క బూతు అనలేదు. తలల మీదుగా ఎత్తి, పూలపల్లకీలా చేతులు మార్చుకుంటూ గేటు వైపు పంపారు. బ్యాండు వాళ్ళు మెరెంగే డాన్సు పాట అందుకున్నారు, స్టేడియమంతా చప్పట్లు కొడుతూ "వెళ్ళిపో ఎలాదియో, పోయి పడుకో ఎలాదియో" అని పాడింది. నేను గేటు దగ్గర నా మొగుణ్ణి, నా గౌనుని రెండింటినీ అందుకున్నాను. ఆయన కాలు అలా గేటు దాటిందో లేదో, లోపల బ్యాటు చప్పుడు, ఆ వెంటనే ఆకాశం విరిగిపడ్డట్టు కేకలు. హోమ్ రన్. ఫైనలుకి వెళ్ళిపోయాం.

ఇంటికి వచ్చే దారంతా నాకు ఒకటే నవ్వు. ఆ మేలిముసుగు, కింద ఆ మీసం! పొట్ట పట్టుకుని నడుస్తున్నాను. మలుపు దగ్గర చూస్తే ఆయన రావడం లేదు. అరుగు మీద కూర్చుని ముసుగు మడత పెడుతున్నాడు.

"నిజమే కసీ. నేనే. వాళ్ళు సరదాకి అనడంలేదు."

"నీ మొహం. బాలు వదిలింది వాళ్ళు, నువ్వా?"

"మా నాన్నకి కూడా ఆ ఆట నా మూలంగానే పోయింది" అన్నాడు. నాకు నవ్వు ఆగిపోయింది. ఊరి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఫైనల్లో ఎదుటివాళ్ళు ఆ కోడిపుంజులే. చెరో ఆట గెలుచుకుంటూ చివరికి సమానంగా నిలిచారు. ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం, మా గడ్డ మీద. శుక్రవారం పొద్దున తెల్ల చొక్కా, తెల్ల బూట్లు వేసుకున్న పెద్దమనిషి ఒకడు రాజధాని నుంచి కారులో దిగాడు. వాళ్ళకీ వార్త చేరిపోయింది మరి. లారీ పక్కన నిలబడి, ఎలాదియో చేతిలో టిక్కెట్టు పెట్టాడు. బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక, మొదటి వరస.

"ఎంత అన్యాయమండీ! మీలాంటి అభిమానిని బయట కూర్చోబెడతారా? మీరు రండి. తీసుకెళ్ళడానికి కారు నేనే పంపుతాను. సీటు దగ్గరికే రమ్ము వస్తుంది."

ఎలాదియో టిక్కెట్టుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ వరసలో మేయరు కూర్చుంటాడు, చక్కెర మిల్లు యజమాని కూర్చుంటాడు. ఐసు అమ్మేవాడు కూర్చోవడం ఎవరూ ఎరగరు. అక్కడ ఆయన పుచ్చుకుని ఉంటే, దేవుడి మీద ఒట్టు, నేనేమీ అనేదాన్ని కాదు.

"మంచి సీటే బాబూ. కానీ ఆదివారం నాకు సముద్రంలో పనుంది" అని వెనక్కిచ్చేశాడు.

సముద్రం ఆలోచన ఆయనదే. ఇంట్లో ఉంటే కేకలు వినబడతాయని, ఆదివారం జాలరి పడవ ఒకటి తీసుకుని మేమిద్దరం బయలుదేరాం. స్టేడియం కేకలు నీళ్ళ మీద బాగా సాగుతాయి, అందుకని ఆయన తెడ్లు వేస్తూనే ఉన్నాడు, వేస్తూనే ఉన్నాడు. ఊరు సన్నని గీతయింది. అప్పుడు ఒడ్డుకి వీపు పెట్టి గాలం వేసి కూర్చున్నాడు. ఎర గుచ్చడం మర్చిపోయాడు.

"ఆ సీట్లో కూర్చుంటే బ్యాటు పట్టినవాడి ఊపిరి కూడా వినిపిస్తుందట" అన్నాడు.

"వాడి ఊపిరి నీకెందుకయ్యా?"

"ఊరికే." గాలం తాడు వేలికి చుట్టుకుంటూ, "నీకు కోపంగా ఉందా కసీ? నువ్వన్నా వెళ్ళాల్సింది."

"చచ్చేంత కోపంగా ఉంది. నోరు మూసుకుని చేపలు పట్టు."

ఎండ చుర్రుమంటోంది. వేయించిన అరటికాయ ముక్కలు తెచ్చాను, ఇద్దరం ముట్టుకోలేదు. కళ్ళు మూస్తే చాలు నాకు ఆ మైదానమే, ఆ ఎర్రమన్నే. ఇంతలో ఇంజను చప్పుడు. ఒడ్డు వైపు నుంచి మర పడవ ఒకటి దూసుకొస్తోంది. అందులో మా ఒసిరిస్ నిలబడి షాపు తువ్వాలు ఊపుతున్నాడు. వాడికి ఈత రాదు, నీళ్ళంటే చచ్చే భయం.

"బావా! వెనక్కి రా! ఓడిపోతున్నాం! నాలుగు సున్నా!"

ఎలాదియో రెండు చెవులూ మూసుకున్నాడు. "నాకు చెప్పకురా! ఆటవుతుండగా చెప్పకు!"

"నువ్వు మరీ దూరం వచ్చేశావు బావా! అదృష్టాన్ని కూడా నీతోపాటు పడవెక్కించుకొచ్చేశావు! కొంచెం దూరంగా ఉండమన్నాం గానీ దేశం దాటమన్నామా?"

"ఏరా, నీకు బుర్రుందా?" అని నేను తెడ్డెత్తాను. "రెండు నెలలు ఇంట్లో కట్టేశారు, ఇప్పుడు ఇదొకటా?"

"తర్వాత కొట్టు చెల్లాయ్. ఇప్పుడు మా పడవెక్కండి. ముందు ఒడ్డుదాకా తెచ్చి చూద్దాం."

మర పడవ మా పడవని తోకలా కట్టుకుని ఎగిరెగిరి పరిగెత్తింది. ఒసిరిస్ కన్నె మేరీని తలుచుకుంటూ అంచుకి కరుచుకుపోయాడు. మా కాళ్ళు ఇసక మీద పడేసరికి రోడ్డు మీదనుంచి ఎవడో అరిచాడు, "ఒకటి వచ్చింది! నాలుగు ఒకటి!" ఒసిరిస్ ఎగిరి గంతేశాడు. "చెప్పానా? ఇంకా దగ్గరికి!" పొద్దున ఒడ్డున వదిలిన ఐసు లారీలోకి ఎలాదియోని తోశాం. ఆయన రెండు చేతులూ చెవుల మీదే ఉన్నాయి, బండి నేనే నడిపాను. లారీ నడపడం నాకు రాదు. వీధుల్లో వాళ్ళు గోడలెక్కి దారిచ్చారు. స్టేడియం గేటు దగ్గర ఆగాం, ఆగడమంటే నిమ్మకాయల బండికి గుద్దుకుని ఆగాం. లోపలనుంచి కేక. నాలుగు మూడు!

"లోపలికి!" అన్నాడు ఒసిరిస్.

"నేను రాను" అన్నాడు ఎలాదియో. "నేను లోపలికి వస్తే ఏమవుతుందో మీరే చూశారుగా."

"బావా, కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకున్నాడు. గేటు కాపలావాడు పట్టుకున్నాడు. నిమ్మకాయలవాడు కూడా వచ్చి పట్టుకున్నాడు. ఎలాదియో రెండు అరచేతులతో కళ్ళు గట్టిగా మూసుకుని, "సరే, నడిపించండి, చూడను మాత్రం" అన్నాడు. అలాగే తీసుకెళ్ళి మూడో బేస్ పక్క కంచె దగ్గర నిలబెట్టాం. తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరి బ్యాటింగు మాది. ఇద్దరు అప్పటికే అవుటు, ఇంకొకడు అవుటైతే ఆట అయిపోయినట్టే. మూడో బేస్ దగ్గర ఒకడున్నాడు, రెండో బేస్ దగ్గర బెలిసార్యో ఉన్నాడు. మొదటివాడు హోమ్ ప్లేట్ చేరితే సమానం. ఆ ఎడ్లబండి కూడా చేరితే కప్పు మాది.

ఎలాదియోని చూసి జనం గొంతు పోయింది. అంత పెద్ద స్టేడియంలో జెండా రెపరెపలు వినబడ్డాయి. తర్వాత ఒకడన్నాడు, "కళ్ళు తెరువు ఎలాదియో!"

"తెరవకు!" అని అటునుంచి ఇంకొకడు.

అంతే, స్టేడియం రెండుగా చీలింది. సగం మంది తెరువు తెరువు, సగం మంది వద్దు వద్దు. అంపైరు ఆట ఆపి మా వైపు తిరిగాడు. బెలిసార్యో రెండో బేస్ నుంచి చేతులు జోడించాడు, తెరవమనో వద్దనో అర్థం కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ చూడొద్దని చంపి, ఇప్పుడు చూడమని చంపుతారా?

నేను ఆయనకి ఎదురుగా వెళ్ళి, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాను. "ఏవయ్యా, వాళ్ళ మాట వదిలెయ్. నీకు చూడాలని ఉంటే చూడు. ఓడిపోతే ఓడిపోనీ, నేను చెబుతాను ఈ జనానికి సమాధానం. నీ కళ్ళు, నీ ఇష్టం."

వేళ్ళు కొంచెం కదిలాయి. సందులోంచి చిన్న వెలుతురు పడేంత. నేను రెప్ప వెయ్యకుండా ఆ వేళ్ళనే చూస్తున్నాను. నా వెనక బ్యాటు టప్పుమంది.

ఆ వేళ్ళు టక్కున మూసుకుపోయాయి.

ఆ తర్వాత నాకేమీ తెలియదు. పక్కవాళ్ళు మా భుజాలెక్కారు, తలలెక్కారు. బీరు, టోపీలు, ఎవరిదో చెప్పు వానలా కురిశాయి. ఒసిరిస్ ఒక పోలీసుని ముద్దు పెట్టుకుంటున్నాడు. కాసేపటికి ఎలాదియో నా చెవిలో అరిచాడు.

"ఏమైందే?"

"నాకేం తెలుసు?"

"నువ్వు చూడలేదా?"

"నేను నిన్ను చూస్తున్నానయ్యా!"

ఆయన చేతులు దించాడు. ఎటు చూసినా వీపులే. కంచె సందులోంచి హోమ్ ప్లేట్ దగ్గర మనుషుల కుప్ప ఒకటి కనబడింది, అడుగునుంచి రెండు లావుపాటి కాళ్ళు బయటికి వచ్చి తన్నుకుంటున్నాయి.

"అవి బెలిసార్యో కాళ్ళేనా?"

"ఊళ్ళో ఇంకెవరికున్నాయి అలాంటివి?"

"అయితే గెలిచాం" అన్నాడు మెల్లిగా. అని నన్ను ఎత్తుకున్నాడు, ఐసు దిమ్మ ఎత్తినట్టు, భుజం మీదకి. ఇద్దరికీ ఏడుపో నవ్వో తెలియలేదు. ఇంత సీజను కాచుకుని కూర్చుని, ఆ ఒక్క క్షణం ఇద్దరమూ పోగొట్టుకున్నాం. ఊరంతా చూసింది, మేమిద్దరమే చూడలేదు!

మర్నాడు ఊళ్ళో ఒక్కడూ నిద్ర లేవలేదు. మా వీధిలో కోళ్ళు కూడా పడుకునే ఉన్నాయి. ఆ పొద్దున రేడియోవాళ్ళు ఆఖరి ఇన్నింగ్స్ రికార్డింగు మళ్ళీ వేస్తామన్నారు. ఒసిరిస్ షాపునుంచి మా రేడియో మోసుకొచ్చి బల్ల మీద పెట్టాను, కాఫీ పోశాను, కిటికీలన్నీ బార్లా తెరిచాను. ఆ పరీక్షల తర్వాత మా ఇంట్లో మళ్ళీ ఆట వినబడింది.

ఎలాదియో కుర్చీ అంచున కూర్చున్నాడు. కామెంటేటర్ చెబుతున్నాడు, ఇద్దరు అవుటని, బెలిసార్యో రెండో బేస్ దగ్గర చెమట తుడుచుకుంటున్నాడని. ఈయన లేచి నిలబడ్డాడు. పిచ్చరు చెయ్యి ఎత్తాడని రేడియో అంది. ఈయన గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికయ్యా?"

"బయట నిలబడతానే కసీ. ఎందుకొచ్చిన గొడవ."

"గెలిచేశారయ్యా! నిన్ననే అయిపోయింది! ఊరంతా తాగి పడుంది!"

"తెలుసు. అయినా ఎవరు చెప్పొచ్చారు? నేను ఉంటే ఈసారి అవుటవుతాడేమో."

ముఖం చూస్తే వేళాకోళం కాదు. తెల్లగా పాలిపోయి ఉంది. పరిగెత్తి చొక్కా పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూలేశాను, లేవకుండా ఒళ్ళో కూర్చున్నాను, రెండు చేతులూ పట్టుకున్నాను. రేడియోలో బ్యాటు చప్పుడైంది. బాలు కుడి మూలకి పోయింది, మొదటివాడు వచ్చేశాడు, బెలిసార్యో మూడో బేస్ తిరిగాడు, ఆగమన్నా ఆగడం లేదు, బాలు వస్తోంది, బెలిసార్యో వస్తున్నాడు. ఎలాదియో నా వేళ్ళు విరిగేలా పిసుకుతున్నాడు. బెలిసార్యో పొట్ట మీద జారాడు, దుమ్ము లేచింది, అంపైరు వంగి చూస్తున్నాడు, ఇంకా చూస్తున్నాడు.

సేఫ్!

ఎలాదియో ఇంట్లో ఉండగానే, రేడియో గట్టిగా మోగుతుండగానే, పీతలు గెలిచారు.